పతకముల పట్టికయు, ఊహలకు మార్కులును

రాబోవుదానిని ముందుగా నూహించి చెప్పవలెనను కోరిక మనుష్యులకు పుట్టుకతో వచ్చినది. వాన యెప్పుడు పడునో, ఈయేడు మామిడి కాయునో కాయదో, ఊరినుండి బయలుదేరిన చుట్టములు ఏ బండికి దిగుదురో యని యూహింపని యిల్లుండదు. ఊహ నిజమైనచో “నేను ముందే చెప్పితిని గదా” యనుటయు, తప్పినచో మాట మార్చుటయు కూడ సహజములే. నోటిమాటగా నున్నంతవరకు ఊహకు లెక్క లేదు. కాగితముమీద వ్రాసి నలుగురి యెదుట నుంచి, తరువాత జరిగినదానితో సరిచూచినప్పుడే దానికి విలువ యేర్పడును. ఆ సరిచూచుట యెట్లు, దానికి మార్కులు వేయుట యెట్లు అనునదియే మే మీ వ్యాసమున ముచ్చటింపదలచిన విషయము.

భారతమున నలోపాఖ్యానము చదివిన సోదరీమణులకు ఋతుపర్ణ మహారాజు కథ జ్ఞాపకముండును. రథముమీద పోవుచు దారిప్రక్క నున్న తాండ్రచెట్టును చూచి, దాని యాకు లిన్ని, కాయ లిన్ని యని యాయన చెప్పినాడు. రథము తోలుచున్న బాహుకుడు, అనగా మారురూపమున నున్న నలుడు, ఆ మాట విని యూరకుండలేదు. రథ మాపి, దిగి, లెక్కించి చూచి గాని నమ్మలేదు. ఊహించి చెప్పుట ఋతుపర్ణుని విద్య; లెక్కించి చూచుట నలుని వివేకము. ఆ రెండును కలిసినప్పుడే అది జ్ఞాన మగును. మొదటిది మనలో చాలమందికి కలదు. రెండవదానిని శ్రద్ధగా చూచువారు మాత్రము తక్కువ.

నాలుగేండ్ల కొకసారి ఒలింపిక్కు క్రీడలు జరుగునప్పుడు, ఏ దేశమున కెన్ని పతకములు వచ్చును, పట్టికలో ఏ దేశ మెన్నవ స్థానమున నిలుచును అని యూహించు పోటీలు పెక్కు దేశములలో జరుగుచుండును. పాఠశాలలలోను, కచ్చేరీలలోను, ఇండ్లలోను కూడ వానిని పెట్టుకొందురు. ఆటలు మగవారి ముచ్చట యనియు, లెక్కలు వారి విద్య యనియు తలచి మనలో పలువురు వాని ప్రక్కకు పోరు. కాని యీ పోటీలో గెలుచుటకు కాలిబలము గాని కండబలము గాని యక్కరలేదు. వివేకమును, కూడికలును తీసివేతలును చాలును. నెలకు సరిపడ బియ్యము, పప్పు, నూనె ముందుగా అంచనా కట్టి, మాసాంతమున జమాఖర్చు సరిచూచుకొను గృహిణికి ఇందులో క్రొత్త యేమియు లేదు.

పట్టిక యొక్కటి గాదు

మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, పతకముల పట్టిక యనునది ఒక్కటి గాదు. పారిస్ నగరమున 2024వ సంవత్సరమున జరిగిన క్రీడలనే తీసికొందము. అందు మొదటి యేడు స్థానములలోని దేశములకు వచ్చిన పతకము లివి:

అమెరికా: స్వర్ణములు 40, రజతములు 44, కాంస్యములు 42, మొత్తము 126.
చైనా: స్వర్ణములు 40, రజతములు 27, కాంస్యములు 24, మొత్తము 91.
జపాను: స్వర్ణములు 20, రజతములు 12, కాంస్యములు 13, మొత్తము 45.
ఆస్ట్రేలియా: స్వర్ణములు 18, రజతములు 19, కాంస్యములు 16, మొత్తము 53.
ఫ్రాన్సు: స్వర్ణములు 16, రజతములు 26, కాంస్యములు 22, మొత్తము 64.
నెదర్లాండ్సు: స్వర్ణములు 15, రజతములు 7, కాంస్యములు 12, మొత్తము 34.
బ్రిటను: స్వర్ణములు 14, రజతములు 22, కాంస్యములు 29, మొత్తము 65.

ఇది స్వర్ణములను ముందుగా లెక్కించు పద్ధతి. స్వర్ణములు సమానమైనచో రజతములను, అవియు సమానమైనచో కాంస్యములను చూతురు. మన పత్రికలలో సాధారణముగా కనబడు వరుస యిదియే. కాని అమెరికా పత్రికలలో పెక్కు మొత్తము పతకములనుబట్టి వరుస కట్టుచుండును. ఆ పద్ధతిలో బ్రిటను ఏడవ స్థానమునుండి మూడవ స్థానమున కెక్కును; జపాను మూడవ స్థానమునుండి ఆరవ స్థానమునకు దిగును. స్వర్ణమునకు మూడు, రజతమునకు రెండు, కాంస్యమునకు ఒకటి చొప్పున మార్కులు వేసి కూడినచో ఫ్రాన్సుకు 122, బ్రిటనుకు 115, ఆస్ట్రేలియాకు 108, జపానుకు 97 వచ్చును. అప్పుడు మూడవ స్థానము ఫ్రాన్సుది. పతకములు మారలేదు, ఆటగాండ్రు మారలేదు. లెక్కించు పద్ధతి మూడుసార్లు మారగా మూడవ స్థానమున మూడు దేశములు నిలిచినవి! కావున “మూడవ దేశమేది?” యని యూరక యడిగిన ప్రశ్నకు మూడు సరియైన జవాబులున్నవని తెలియవలెను.

పట్టిక క్రిందిభాగమున ఈ తేడా మరింత హెచ్చు. టర్కీ దేశము ఎనిమిది పతకములు గెలిచియు స్వర్ణము లేకుండుటచే 64వ స్థానమున నిలిచినది. డొమినికా యను చిన్న ద్వీపదేశమునకు వచ్చినది ఒక్కటే పతకము; కాని యది స్వర్ణము. ఆ దేశమున కదియే మొట్టమొదటి ఒలింపిక్కు పతకము, తెచ్చినదియు ఒక స్త్రీ. ఆ యొక్కదానితో డొమినికా 62వ స్థానము నందినది. జావెలిన్ విసరుటలో ఒక్క స్వర్ణము గెలిచిన పాకిస్తానుదియు అదే స్థానము. ఒక రజతమును, అయిదు కాంస్యములును గెలిచిన మన భారతదేశము 71వది. మొత్తమునుబట్టి లెక్కించువారు ఈ వరుసను చూచి నవ్వుదురు. స్వర్ణమునుబట్టి లెక్కించువారు వారి వరుసను చూచి నవ్వుదురు. ఎవరి నవ్వు సరియైనదో తేల్చుట మన పని గాదు. పోటీ పెట్టువారు తాము ఏ పట్టికను గ్రహింతురో ముందుగా చెప్పవలె ననుటయే మా మాట.

అక్కాతమ్ముల తగవు

ఆ సంవత్సరమున మా యాడుబిడ్డ కుమార్తెయు కుమారుడును సెలవులకు మా యింటికి వచ్చియుండిరి. పిల్లకు పదునాలుగేండ్లు, పిల్లవానికి పండ్రెండు. వారే తమలో తాము ఒక పోటీ పెట్టుకొనిరి. అమెరికా, చైనా, జపాను, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు అను అయిదు దేశముల పేర్లు తీసికొని, స్వర్ణపట్టికలో ఇవి యే వరుసను నిలుచునో చెరియొక కాగితముపై వ్రాసి, మడిచి, మా యత్తగారి పెట్టెలో దాచిరి. ఎవరి యూహ నిజమునకు దగ్గరగా నుండునో వారికి దేశపటముల పుస్తకమొకటి బహుమాన మిచ్చెదమని మా వారు చెప్పిరి.

పిల్ల వ్రాసిన వరుస: చైనా, అమెరికా, జపాను, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా. క్రిందటి టోక్యో క్రీడలలో అమెరికాకు 39, చైనాకు 38 స్వర్ణములు వచ్చినవి గావున ఈసారి చైనా ముందునకు పోవచ్చు ననియు, జపాను తన స్థానము నిలుపుకొను ననియు ఆమె యెంచినది. పిల్లవాడు వ్రాసిన వరుస: అమెరికా, చైనా, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా, జపాను. పోటీలు ఫ్రాన్సులో జరుగుచున్నవి గావున ఫ్రాన్సు పైకెక్కు ననియు, ఇంటిగడప దాటిన జపాను క్రిందికి జారు ననియు వాని తలంపు. ఇద్దరి యూహలకును కారణము లున్నవి. ఇది యూరక చీటీ వేయుట గాదు.

ఆగస్టు 11వ తేదీ చివరి దినము. చైనాకు 40 స్వర్ణములు, అమెరికాకు 39. మిగిలినది స్త్రీల బాస్కెట్‌బాలు ఆట. అమెరికాకును ఫ్రాన్సుకును పోటీ. చిట్టచివరి క్షణమున ఫ్రాన్సు క్రీడాకారిణి విసరిన బంతి బుట్టలో పడినది గాని, ఆమె పాదము గీతను తాకుటచే దానికి మూడు గాక రెండే మార్కులు వచ్చినవి. అమెరికా 67, ఫ్రాన్సు 66. ఆ యొక్క మార్కుతో అమెరికాకు నలువదవ స్వర్ణము దక్కినది. రజతముల యాధిక్యముచే పట్టికలో మొదటి స్థానమును దక్కినది.

మడతలు విప్పి చూడగా పిల్లవాడు అమెరికా, చైనా, ఆస్ట్రేలియాలను సరియైన చోట్ల వ్రాసియుండెను. పిల్లకు సరిపడినది జపాను ఒక్కటే. “మూడు సరి, ఒకటి సరి; పుస్తకము వానిదే” యని యింటికి వచ్చిన బంధువులలో నొకరు తీర్పు చెప్పివేసిరి. “ఆడపిల్లకు ఈ లెక్కలెందుకులే” యని మరియొకరు నవ్విరి. పిల్ల కంట నీరు పెట్టుకొనలేదు. కాగితము తెచ్చి మా ముందుంచి, “అత్తయ్యా, నేను ప్రక్కప్రక్కవాళ్లనే తారుమారు చేశాను. వాడు జపానును మూడోచోటునుంచి అయిదోచోటుకు పంపాడు. దగ్గర అంటే ఎవరిది?” అని యడిగినది.

ఆ ప్రశ్న చిన్నది గాదు. పందెము ముగిసి, అందరును ఓటమి నిశ్చయమైన దనుకొన్న సమయమున, ధర్మరాజు ముందుగా నోడినది తన్నా, తననా యని ద్రౌపది సభలో నడిగినది గదా! ఆ మహాకథతో పిల్లల యాటను సరిపోల్చుట మా యుద్దేశము గాదు. కాని నియమమును గూర్చి యడుగుట ఏడ్పు గాదనియు, అడిగిన ప్రశ్నకు పెద్దలు లెక్క చూపి బదులు చెప్పవలసినదే యనియు ఆ కథ మనకు నేర్పును. కావున లెక్క చూతము.

దగ్గర యనగా నేమి?

మొదటి కొలత: సరియైన చోట్లెన్ని? ఇది యందరకు తెలిసినదే. పిల్లవానికి మూడు, పిల్లకు ఒకటి. వాడు గెలిచినాడు.

రెండవ కొలత: దూరమెంత? ప్రతి దేశమును నిజమైన స్థానమున కెన్ని మెట్ల దూరమున వ్రాసినారో చూచి కూడవలెను. పిల్ల చైనాను ఒక మెట్టు, అమెరికాను ఒక మెట్టు, ఫ్రాన్సును ఒక మెట్టు, ఆస్ట్రేలియాను ఒక మెట్టు తప్పినది, మొత్తము నాలుగు. పిల్లవాడు ఫ్రాన్సును రెండు మెట్లు, జపానును రెండు మెట్లు తప్పినాడు; మొత్తము నాలుగు. ఈ కొలతకు ఇద్దరును సమానులు.

మూడవ కొలత: ప్రతి దూరమును దానితోనే గుణించి కూడుట. ఒక మెట్టు తప్పినచో ఒకటి, రెండు మెట్లు తప్పినచో నాలుగు, మూడు మెట్లు తప్పినచో తొమ్మిది. చిన్న తప్పును క్షమించి పెద్ద తప్పును గట్టిగా దండించు పద్ధతి యిది. స్పియర్‌మన్ అను ఆంగ్లేయ మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1904లో ప్రకటించిన వరుసల పోలిక ఈ లెక్కమీదనే నిలిచియున్నది. దీని ప్రకారము పిల్లకు నాలుగు తప్పులు, పిల్లవానికి ఎనిమిది. పిల్ల గెలిచినది.

నాలుగవ కొలత: జతలను చూచుట. కెండల్ అను గణాంకశాస్త్రజ్ఞుడు 1938లో వివరించిన పద్ధతి యిది. మాకు మిక్కిలి నచ్చినదియు నిదియే. ఛాయాపటము తీయుటకు పిల్లలను పొడుగునుబట్టి వరుసగా నిలుపునప్పుడు మన మేమి చేయుదుము? కొలబద్ద పట్టము, ఇద్దరిద్దరిని ప్రక్కప్రక్కన నుంచి యెవరు పొడుగో చూతుము. అట్లే దేశములను జతజతగా తీసికొని, “ఈ రెంటిలో ఏది ముందు?” అని యడుగవలెను. అయిదు దేశములకు పది జతలగును. పిల్ల తప్పినవి రెండే జతలు: చైనా-అమెరికా, ఫ్రాన్సు-ఆస్ట్రేలియా. పిల్లవాడు తప్పినవి మూడు: ఫ్రాన్సు-జపాను, ఫ్రాన్సు-ఆస్ట్రేలియా, ఆస్ట్రేలియా-జపాను. పదింటికి పిల్లకు ఎనిమిది, పిల్లవానికి ఏడు. ఇక్కడను పిల్లయే గెలిచినది.

ఒక కొలతకు తమ్ముడు, ఒక కొలతకు ఇద్దరును, రెండు కొలతలకు అక్క! ఊహలు రెండే, జరిగినది యొక్కటే. బహుమానము మాత్రము కొలతనుబట్టి చేతులు మారుచున్నది.

కండ్లు మూసికొన్నవాని మార్కులు

ఏ కొలత మంచిదో తెలియుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఏమియు తెలియనివాడు కండ్లు మూసికొని అయిదు చీటీలను ఇష్టము వచ్చినట్లు పరచినచో వాని కెన్ని మార్కులు వచ్చునో చూడవలెను. అట్లు పెక్కుసార్లు పరచిన సగటున సరియైన చోటున పడునది ఒక చీటీ. మెట్ల దూరము సగటున ఎనిమిది. గుణించిన తప్పులు సగటున ఇరువది. జతలలో సగము, అనగా అయిదు, సరిపడును.

ఇప్పుడు మరల చూడుడు. మొదటి కొలత ప్రకారము మా పిల్లకు వచ్చినది ఒక్క మార్కు. కండ్లు మూసికొన్నవానికి వచ్చునదియు ఒక్కటే. అనగా ఆమె చదివినది, ఆలోచించినది, క్రిందటి పట్టికను పోల్చినది అంతయు సున్న యని యా కొలత చెప్పుచున్నది. ఇది న్యాయమా? తక్కిన మూడు కొలతలును ఆమెను కండ్లు మూసికొన్నవానికంటె ఎంతో మేలుగా నుంచుచున్నవి. సరియైన చోట్లను మాత్రమే లెక్కించు పద్ధతి సులభమైనదే గాని, “కొంచెములో తప్పినది” అను మాటకు అందులో తావు లేదు. అరమెట్టు తప్పినవానిని పాతాళమున బడినవానితో సమానముగా చూచు కొలత అది.

మరియొక పరీక్ష. ఆ బాస్కెట్‌బాలు ఆటలో చివరి బంతి ఫ్రాన్సును గెలుపువరకు తీసికొని పోయిన దనుకొనుడు. అప్పుడు చైనా మొదటిది, అమెరికా రెండవది యగును. మొదటి కొలత ప్రకారము పిల్లకు ఒకటినుండి మూడునకు పెరుగును. పిల్లవానికి మూడునుండి ఒకటికి తరుగును. పారిస్‌లో ఒక క్రీడాకారిణి పాదము గీతకు ఇటో అటో యున్నంత మాత్రమున ఇక్కడ అక్కాతమ్ముల తెలివి తలక్రిందులగు నన్నమాట! జతల కొలతలో నైనచో పిల్లకు ఎనిమిది తొమ్మిదగును, పిల్లవానికి ఏడు ఆరగును; అంతే. అదృష్టమునకు ఏ కొలతలోనైనను కొంత పాలుండును. ఆ పాలును తక్కువ చేయు కొలతయే మంచి కొలత.

ఇంతకును ఆ పుస్తక మెవరి కిచ్చిరని చదువరులడుగుదురు. లెక్కలన్నియు విని మా యత్తగారు, “ఆట అయ్యాక కొలబద్ద తెచ్చుకుంటే ఎవరికి కావలసిన పొడుగు వాళ్లకు వస్తుంది” అనిరి. పిల్లలు వ్రాసికొన్న మాట ‘దగ్గర’ అనునదే గాని, ఏ దగ్గరయో వ్రాసికొనలేదు. కావున పుస్తకముపై ఎవరి పేరును వ్రాయక బల్లమీద నుంచితిమి, ఇద్దరును చదివిరి. కాని ఆ సాయంకాలము మొదలు “పిల్ల ఓడిపోయినది” అను మాట మాత్రము ఇంట వినబడలేదు. బహుమానముకంటె ఆమెకు కావలసినదియు నదియే.

సంఖ్యల నూహించునప్పుడు

కొన్ని పోటీలలో వరుసను గాక, ఒక్కొక్క దేశమునకు వచ్చు పతకముల సంఖ్యను చెప్పుమందురు. దీని కొలతయు నాలోచింపదగినదే. టోక్యోలో మన దేశమునకు ఏడు పతకములు వచ్చుటచే పారిస్‌లో పది రాగలవని పెక్కుర మాశించితిమి. వచ్చినవి ఆరు. ఆ యాశ వట్టిది గాదు. ఆరు పోటీలలో మనవారు నాలుగవ స్థానమున నాగిపోయిరి. విలువిద్య మిశ్రమ పోటీలో మన విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్ అంకితా భకత్‌తో కలిసి అట్లే నాలుగవ స్థానమున నిలిచినాడు. స్త్రీల కుస్తీలో వినేశ్ ఫోగట్ తుదిపోరువరకు వచ్చియు, ఆనాటి యుదయమున నూరు గ్రాముల బరువు హెచ్చుటచే పోటీనుండి తొలగింపబడినది. నూరు గ్రాములనగా మన యింటి తూకములో ఒక పూట పప్పు! పట్టికలోని అంకె వెనుక ఇట్టి దుఃఖము లెన్ని యున్నవో!

ఇప్పుడు, పది యని చెప్పి ఆరు వచ్చినచో తప్పు నాలుగు. అమెరికాకు 116 అని చెప్పి 126 వచ్చినచో తప్పు పది. తప్పులను ఊరక కూడినచో రెండవదే పెద్ద తప్పు. కాని ఆరింటికి నాలుగు తప్పుట మూడింట రెండు పాళ్లు. నూటయిరువదియారింటికి పది తప్పుట పండ్రెండవ పాలుకూడ గాదు. పెండ్లి వంటలో బస్తా బియ్యమునకు సోలెడు హెచ్చైన నష్టము లేదు. ఇద్దరి వంటలో సోలెడు తక్కువైన ఒకరు పస్తు. కావున సంఖ్యల పోటీలో తప్పును వచ్చిన సంఖ్యతో భాగించి చూచుట మేలు. లేనిచో పోటీ యంతయు రెండు మూడు పెద్ద దేశముల చుట్టే తిరిగి, చిన్న దేశములనుగూర్చి శ్రద్ధగా తెలిసికొన్నవారి శ్రమ వృథా యగును.

ఇంకొక చక్కని పద్ధతి కలదు. “వచ్చును”, “రాదు” అని తెగవేసి చెప్పక, “నూటికి ఇంత పాళ్లు వచ్చును” అని చెప్పుట. వాతావరణ సూచనల బాగోగులు తెలియుటకు బ్రయర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించిన కొలత దీనికి సరిపోవును. చెప్పిన పాలునకును జరిగినదానికిని గల తేడాను దానితోనే గుణింతురు. పారిస్‌లో భారతదేశమునకు స్వర్ణము వచ్చునా యని ప్రశ్న యనుకొందము. రాలేదు. నూటికి నూరుపాళ్లు వచ్చునని చెప్పినవానికి తప్పు 1. డెబ్బదిపాళ్లని చెప్పినవానికి 0.49, ఏబదియని చెప్పినవానికి 0.25, ముప్పదియని చెప్పినవానికి 0.09. స్వర్ణము వచ్చియున్నచో డెబ్బదియని చెప్పినవానికి తప్పు 0.09 మాత్రమే. తన మనసులో నున్న నమ్మకమును ఉన్నదున్నట్లు చెప్పినవానికే ఈ కొలతలో కడపట మేలు కలుగును. గొప్పకు హెచ్చు చెప్పినను, భయపడి తక్కువ చెప్పినను నష్టమే.

మన దేశముపై ప్రేమచే పట్టిక పైభాగమున మన పేరు వ్రాయు పిల్లలు ప్రతి యింటను ఉందురు. వారిని పరిహసింపరాదు, ప్రేమ వేరు, అంచనా వేరని మెల్లగా చెప్పవలెను. బిడ్డకు జ్వరము తగ్గవలెనని కోరుట ప్రేమ. తాపమానినిలోని అంకెను సరిగా చదువుట అంచనా. మొదటిదానికొరకే రెండవది కావలెను.

ముందుగా వ్రాయవలసినవి

ఇంటగాని, పాఠశాలలోగాని, మహిళాసమాజములోగాని ఇట్టి పోటీ పెట్టదలచినవారు ఈ క్రింది విషయములను మొదటనే కాగితముమీద వ్రాసి అందరకు చదివి వినిపింపవలెను.

స్వర్ణములనుబట్టియా, మొత్తమునుబట్టియా, మార్కులనుబట్టియా, ఏ పట్టిక గ్రహింపబడునో చెప్పవలెను.

ఊహలు తీసికొనుట మొదటి పోటీ యారంభము గాకమునుపే ముగియవలెను. ఒక దినపు ఫలితములు చూచి వ్రాసినవానికిని, ఏమియు చూడక వ్రాసినవానికిని ఒకే కొలత తగదు.

రెండు దేశములు సమానముగా నిలిచినచో నేమి చేయవలెనో చెప్పవలెను. పాకిస్తాను, డొమినికా రెండును 62వ స్థానము పంచుకొనగా 63వ స్థానము లేక టర్కీ 64వది యయినది. అట్టిచోట రెండు దేశములకును 62½ అని గ్రహించుట న్యాయము.

ఏనాటి పట్టిక తుదిపట్టికయో నిర్ణయింపవలెను. ఇది చాల ముఖ్యము. బీజింగులో 2008లో చైనాకు 51 స్వర్ణములు వచ్చినవని లోకమంతయు వ్రాసికొన్నది. నిషిద్ధమైన మందులు వాడినట్లు తేలుటచే బరువులెత్తు స్త్రీలు మువ్వురి స్వర్ణములను 2017లో తీసివేసిరి, నేడవి 48. టోక్యోలో బ్రిటను పురుషులు పరుగుపోటీలో గెలిచిన రజతమును 2022లో అట్లే తొలగించిరి. ముగింపు దినమున నున్న పట్టికయే ప్రమాణమని వ్రాసికొననిచో, తొమ్మిదేండ్ల తరువాత బహుమానము తిరిగి యిమ్మని యడుగవలసి వచ్చును!

ఇద్దరికి సమానముగా మార్కులు వచ్చినచో తేల్చుటకు ఒక చిన్న ప్రశ్న ముందుగానే అడిగి యుంచవలెను. భారతదేశమునకు వచ్చు మొత్తము పతకము లెన్ని యని యడిగిన చాలును.

చివరిది, డబ్బు పెట్టరాదు. డబ్బు చేరిన క్షణమున ఊహ పోయి జూద మగును. జూదమువలన నేమి జరిగినదో ధర్మరాజు కథయు నలుని కథయు మనకు చెప్పినంతగా మరియేదియు చెప్పలేదు.

పట్టిక చెప్పనిది

ఒలింపిక్కు పోటీలు క్రీడాకారులకును క్రీడాకారులకును నడుమ జరుగునవే గాని దేశములకు నడుమ గాదని ఒలింపిక్ నియమావళియే చెప్పుచున్నది. దేశముల వరుస మనము మన సంతోషముకొరకు కట్టుకొన్నది. ఆ వరుసలో ఎంత యడుగున నున్నను ఒక్కొక్క పతకము వెనుక ఒక జీవితమున్నది. సిడ్నీలో 2000వ సంవత్సరమున భారతదేశమంతటికిని వచ్చినది ఒక్క కాంస్యము. దానిని తెచ్చినది మన శ్రీకాకుళపు సీమ బిడ్డ కరణం మల్లీశ్వరి. ఒలింపిక్కు పతకము గెలిచిన మొదటి భారతస్త్రీ యామె. రియోలో 2016లో దేశమునకు వచ్చిన రెండు పతకములును స్త్రీలు తెచ్చినవే: హైదరాబాదు పి.వి. సింధు రజతము, సాక్షి మలిక్ కాంస్యము. స్వర్ణముల పట్టికను మాత్రమే చూచువానికి ఆ రెండేండ్లును సున్నలు, మనకు గావు.

అందుచేత కొలత యేదైనను అది యొక ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పునని పిల్లలకు తెలియజేయుదము. పాఠశాలలో వచ్చు మార్కులకును ఈ మాటయే వర్తించును. ఏ ప్రశ్నకు కొలిచినారో తెలియక, వచ్చిన అంకెనుబట్టి ఒక బిడ్డను తెలివిగలదనియు మరియొక బిడ్డను తెలివితక్కువదనియు నిర్ణయించుట పెద్దలకు తగదు.

రాబోవు ఒలింపిక్కులు 2028లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున జరుగును. అప్పటికి మన యిండ్లలోని పిల్లలు కాగితములు మడిచి పెట్టెలలో దాతురు. ఊహ లెట్టివైనను కానిండు. కొలత మాత్రము అందరు నెరిగినదియు, ఆటకు ముందే వ్రాసినదియు, కొంచెములో తప్పినవారి శ్రమను గుర్తించునదియు నై యుండునట్లు చూచుట తల్లులమైన మన చేతిలోని పని.